మహబూలా దారిలో పగిలిన పగడం

దేవుడు ఎలా పుడతాడో నేను కళ్ళారా చూశాను. ఒక యాసిడ్ చుక్కతో పుట్టాడు. ఆ చుక్క వేసింది నేనే.

అప్పుడు నేను కువైత్‌లో, షువైఖ్ గోదాముల్లో ఒకదానిలో స్టోర్‌కీపర్ని. నీళ్ళు వడగట్టే ట్యాంకుల అడుగున పరిచే కంకర అమ్మే కంపెనీ మాది. ఎడారిలో రాళ్ళు దొరకవా, దిగుమతి ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. నీళ్ళలో కరిగే రాయి వడపోతకు పనికిరాదు. గట్టి కంకర ఉత్తరాన ఉన్న చలిదేశం నుంచి సంచుల్లో, ఓడల మీద వచ్చేది. ఒకప్పుడు అక్కడ కొండంత మందాన మంచు పేరుకుంది. అది మెల్లగా కదులుతూ కింది నేలను గోకి, రాళ్ళను పెకలించి, దొర్లించి, నూరి, చివరికి కరిగిపోతూ ఎక్కడివక్కడ వదిలేసింది. ఆ వదిలేసిన రాళ్ళే మా సరుకు.

అందులోనూ అక్కడక్కడ సున్నపురాయి కలిసి ఉండేది. దాన్ని ఏరడం నా పని. ప్రతి సరుకులోంచి కొంత బయట పోసి, అనుమానం వచ్చిన రాయి మీద యాసిడ్ చుక్క వేయాలి. పొంగితే సున్నపురాయి. పక్కన పడెయ్యాలి. కడప కాలేజీలో భూగర్భశాస్త్రం చదివినందుకు నాకు దక్కిన ఉద్యోగం ఇది. అంతకుముందు ఊళ్ళు తిరిగి మూఢనమ్మకాల మీద సభలు పెట్టే సంఘంలో పనిచేశాను. దయ్యాలున్నాయన్న వాళ్ళతో శ్మశానంలో కూర్చుని వాదించాను. భయమనేది చదువులేని వాళ్ళ జబ్బని ఆ సభల్లో చాలాసార్లు చెప్పాను.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. తెల్లవారేసరికి రోడ్డు మీద ట్యాంకులు. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన కువైతీ యజమాని, కుటుంబంతో సౌదీ వైపు వెళ్ళిపోయాడు. గోదాములో మిగిలింది ముగ్గురం. నేను, లోడింగు మేస్త్రీ, లారీ డ్రైవరు. మేస్త్రీది రాయచోటి దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. డ్రైవరుది రాయచోటి టౌనే, ముస్లిం, నోటి దురుసు ఎక్కువ. ఇనుప తలుపు లోపలి నుంచి గడియ వేసుకుని కూర్చున్నాం. బయట ఏ బండి ఆగినా ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. పక్క గోదాముల తాళాలు పగలగొట్టే చప్పుడు వినిపించేది. ఈసారి మాదే అనుకునేవాళ్ళం. మాది కాదు. రాళ్ళెవరికి కావాలి? ఆ రాళ్ళే అన్నాళ్ళు మమ్మల్ని కాపాడాయి. ఇందులో మహిమేమీ లేదు. దొంగ రాళ్ళు మొయ్యడు.

భయం మరిచిపోవాలని నేను పని మొదలుపెట్టాను. పెద్ద సైజు కంకర సంచి విప్పి, రాళ్ళు ఒక్కొక్కటే పరీక్షించడం. అలా చేతికొచ్చింది ఆ రాయి. పిడికిలికన్నా కాస్త పెద్దది, బూడిద రంగు. దాని మీద గొలుసులున్నాయి. నువ్వుగింజలంత కోలకళ్ళు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని వరసగా సాగి, వంకర్లు తిరిగి, ఒకదాన్నొకటి కలుసుకుని చుట్టలు కట్టాయి. చుట్టల మధ్యలో ఖాళీ. ఎవరో ఓపికగా చెక్కినట్టుంది.

యాసిడ్ చుక్క వేశాను. బుస్సుమని పొంగింది.

వెనక నిలబడి చూస్తున్న మేస్త్రీ రెండు చేతులూ ఎత్తాడు.

"సారూ, బుస కొట్టినాయి! జంటనాగులు సారూ అవి. పెనేసుకోని ఉండాయి చూడు."

"యాసిడ్ పడితే ఏ సున్నపురాయైనా అంతే మేస్త్రీ. మీ ఇంటి గోడ మీద పోసినా బుస కొడుతుంది."

"మా గోడ మీద నాగులు ల్యా."

నేను నవ్వాను. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మేస్త్రీ నా నవ్వుకు జవాబు చెప్పేశాడు. గోదాము నడుమ, నేల సిమెంటు పగిలిన చోట, ఆ రాయిని సగం పాతాడు. పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. కుంకుమ కలిపిన అన్నం గోడల వెంబడి చుట్టూ చల్లాడు.

"బొడ్రాయి ఏసినా సారూ," అన్నాడు. "ఊరు కట్టేసినా. మిలిట్రీ పొయ్యేదాకా ఈ కట్టు దాటి ఎవరూ బయటికి పోగూడదు. బయటోళ్ళు లోపలికి రాగూడదు."

మా వైపు తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఊరి నడిబొడ్డున రాయి నాటిన రోజు పొలిమేర బంధిస్తారు. ఊళ్ళోవాడు బయట అడుగు పెట్టకూడదు, పొరుగువాడు లోపల అడుగు పెట్టకూడదు. దాటితే ఊరికే చేటు. ముగ్గురు మనుషులు, వెయ్యి కంకర సంచులు ఉన్న గోదాముకు మేస్త్రీ బొడ్రాయి వేశాడు! డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మేస్త్రీ, ఊరైతే కట్టినావు, సర్పంచ్ ఎవరు? నాకియ్యి, రోడ్డేపిస్తా." నేను మాత్రం ఊరుకున్నాను. బయటికి వెళ్ళే ధైర్యం నాకూ లేదు కదా, ఆయన కట్టు వల్ల నష్టమేముందనుకున్నాను.

నష్టం ఆఫీసు గదిలో ఫోను మోగినప్పుడు తెలిసింది. ఊళ్ళో ఫోన్లు అప్పటికింకా పనిచేస్తున్నాయి. మేస్త్రీ తమ్ముడి కూతురు మహబూలాలో సముద్రం ఒడ్డునున్న ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం 'మామా' అనేది. రిసీవరు మేస్త్రీ చెవి దగ్గర ఉన్నా, పక్కన నిలబడ్డ నాకు ఆ అమ్మాయి గొంతు వినిపిస్తూనే ఉంది.

"పెద్నాయనా, మా మామా వాండ్లు రాత్రే కార్లలో ఎలబారి పోయినారు. ఇల్లు చూస్తాండు, ఎవరొచ్చినా తలుపు తీయొద్దనిరి. పక్కింట్లోకి మిలిట్రీ వాండ్లు దూరినారు. ఆడోళ్ళ అరుపులు ఇనపడతాండాయి. నువ్వు రా పెద్నాయనా. నీ గొంతింటేనే తీస్తా. ఇంగెవరొచ్చి పిల్సినా తీయను."

లైను తెగిపోయింది.

డ్రైవరు తాళాలు తీసుకున్నాడు. "లెయ్ మేస్త్రీ. బండి తీస్తా, యల్లా."

మేస్త్రీ లేవలేదు. ఫోను పక్కనే నేల మీద కూలబడ్డాడు. "యాడికి లేసేది? ఊరు కట్టుండాది."

"ఏం ఊరు భాయ్? ఇది గోదాము! పిల్ల ఒక్కతే ఉండాది ఆడ."

"దాటితే ఆ పిల్లకే చేటు. ఊరు బయటుండే నా బిడ్డకే తగుల్తాది. మావూర్లో బొడ్రాయి ఏసినపొద్దు ఒకడు దాటినాడు. పక్కూర్లో కూతురికి కానుపు కష్టమైతాందని పోయినాడు. ఆ యేడు వానింట్లో నలుగురు పోయిరి."

నేను వాదానికి దిగాను. నాకు తెలిసిన విద్య అదే. "ఆ యేడు దాటనివాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ పోలేదా?"

"పోయినారు. కలరా గదా."

"మరి వాళ్ళేం దాటారు?"

మేస్త్రీ నా ముఖంలోకి చూశాడు. "నాకు వాదం రాదు సారూ. నాకు భయమొస్తాది."

భయం చదువులేని వాళ్ళ జబ్బయితే, తలుపు గడియ పడిందో లేదో నేనెందుకు మళ్ళీ మళ్ళీ చూసొస్తున్నాను? నాకూ ఆయనకూ తేడా ఒక్కటే. ఆయన భయానికి ఒక రాయి ఉంది. నా భయానికి ఏమీ లేదు.

మేస్త్రీ ఆపేలోపే రాయిని పెకలించి తెచ్చి, నీళ్ళతో కడిగి, భూతద్దం ఆయన చేతికిచ్చాను. "ఇవి పాములు కావు మేస్త్రీ. పగడం. సముద్రంలో బతికే మెత్తటి పురుగులు సున్నంతో కట్టుకున్న గొట్టాలు. ఒక్కో కన్ను ఒక్కో పురుగు ఇల్లు. గోడకు గోడ ఆనించి వరసగా కట్టుకుంటూ పోయాయి, అందుకే గొలుసులా ఉంది. మనిషి పుట్టకముందు, కోట్ల ఏళ్ళ కిందట ఆ జాతే అంతరించింది. ఆ సముద్రం ఎండి రాయైతే, మంచు దాన్ని పెకలించి కంకరలో కలిపింది."

మేస్త్రీ చాలాసేపు అద్దంలోంచి చూశాడు.

"గోడకు గోడ ఆనిచ్చి ఇండ్లు కట్టుకున్యాయంటివి. వీధులు వీధులుగా."

"అవును."

"అంటే ఇది ఊరే గదా సారూ?"

డ్రైవరు అంత భయంలోనూ కిసుక్కుమన్నాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను. నిజం చెప్పాలంటే నా మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదు. గొలుసు పగడం మన వైపు దొరికే రకం కాదు. కాలేజీలో పుస్తకంలో ఒక బొమ్మ చూశాను, అద్దాల బీరువాలో అరిగిపోయిన ముక్క ఒకటి చూశాను. అంతే. పైన మాత్రమే గీతలున్న రాళ్ళు సవాలక్ష ఉంటాయి. ఎవరైనా చెక్కి ఉండొచ్చు. పగడమైతే ఆ గొట్టాలు రాయి లోపలంతా ఉండాలి. పగలగొడితే తప్ప తేలదు. ఆ మాట పైకి అనగానే మేస్త్రీ రాయిని పొట్టకు హత్తుకున్నాడు.

దారి చూపింది డ్రైవరే. "సారూ, నువ్వు గెలిసేలోపల ఆడ పిల్ల పోతాది. మేస్త్రీ, బొడ్రాయి యాడుంటే ఊరు ఆడే గదా? రాయి నీ వళ్ళో పెట్టుకో. ఊరే నీతో వస్తాది. నువ్వు దాటేదేముండాది?"

మేస్త్రీ ఆలోచించాడు. కళ్ళు తుడుచుకుని లేచాడు. ఆ తర్కానికి తలా తోకా లేదు. కానీ ఆ తర్కంతో మనిషి లేచాడు, నా తర్కంతో లేవలేదు. దాన్ని ఖండించాలని నా నాలుక దురదపెట్టింది. అంత కష్టపడి వాదం ఆపుకున్నది అదే మొదటిసారి.

నీళ్ళ ప్లాంటుకు సరుకు తీసుకెళ్తున్నామని చెప్పుకోవడానికి లారీలో కొన్ని కంకర సంచులు వేసుకున్నాం. కాస్తో కూస్తో అరబ్బీ వచ్చినవాణ్ణని నేనూ ఎక్కాను. రోడ్డు పొడుగునా కాలిన కార్లు, తలుపులు బార్లా తెరిచిన దుకాణాలు. మేస్త్రీ మళ్ళీ పసుపు కుంకుమ రాసి తువ్వాలులో చుట్టిన రాయిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు చోట్ల ఆపారు, సంచులు పొడిచి చూసి వదిలారు.

మూడో చోట ఒక సార్జెంటు మేస్త్రీ ఒళ్ళో మూట చూశాడు. తుపాకి మొనతో తువ్వాలు తప్పించాడు.

"షినూ హాదా?" ఇదేమిటి?

పసుపు, కుంకుమ, వాటి కింద గొలుసులు. సార్జెంటు రాయిని ఎత్తి ఎండలో తిప్పి చూశాడు. కోలకళ్ళ వరస మీద వేలితో రాసి, రాతను చదువుతున్నట్టు పెదాలు కదిపాడు. తర్వాత నా వైపు తిరిగి, "మత్‌హఫ్" అన్నాడు.

మ్యూజియం. అక్కడి సరుకును సైన్యమే లారీలకెత్తుతోందని విన్నాం. వేరేవాళ్ళ దగ్గర దోపిడీ సరుకు దొరికితే ఉరి తీసి నడిరోడ్డులో వేలాడదీస్తారని కూడా విన్నాం. ముగ్గుర్నీ కిందికి దింపి లారీకి ఆనించి నిలబెట్టారు.

"లా, లా. హజర్. బహర్," అన్నాను. కాదు, రాయి, సముద్రం. పురుగుకు అరబ్బీలో ఏమంటారో గుర్తు రాలేదు. సార్జెంటు నవ్వాడు. సముద్రం గొలుసులు చెక్కుతుందా అన్నట్టు గాలిలో చెక్కి చూపించాడు. అవతల ఒక సైనికుడు తుపాకి భుజం నుంచి దించాడు.

ఇక మిగిలింది ఒక్కటే. మనిషి చెక్కితే గీత పైనే ఉంటుంది. జంతువు కడితే లోపలంతా ఉంటుంది. సభలో వెయ్యిమంది ముందు ఈ మాట గర్జించి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నాకే అనుమానం. లోపల ఏమీ లేకపోతే? నేను పుస్తకంలో చూసిన బొమ్మ ఇది కాకపోతే? నా గుర్తింపు తప్పయితే మూడు ప్రాణాలు ఇక్కడే పోతాయి. నాలుగోది మహబూలాలో తలుపు వెనక ఎదురుచూసి చూసి పోతుంది.

సుత్తి కావాలని చేత్తో చూపించాను. సార్జెంటు తల ఊపాడు. డ్రైవరు సీటు కిందనుంచి సుత్తి తీశాడు. అప్పుడు మేస్త్రీకి అర్థమైంది.

"వద్దు సారూ. నీకు దండం పెడతా. అది పగిల్తే ఊరు ల్యా."

"అమ్మాయి నీ గొంతు కోసం చూస్తోంది మేస్త్రీ. మనం ఇక్కడే పడిపోతే ఎవరు పిలుస్తారు?"

రాయిని రోడ్డంచున పెట్టి కొట్టాను. సుత్తి జారింది, రాయి దొర్లింది. సైనికులు పకపకా నవ్వారు. మళ్ళీ పెట్టాను. రాయి నిలవడం లేదు. అప్పుడు మేస్త్రీ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రాయిని అటూ ఇటూ రెండు అరచేతులతో కదలకుండా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"కొట్టు సారూ."

ఆ చేతుల మధ్య కొట్టాను. రాయి రెండుగా విడిపోయింది.

ముందు చూడలేకపోయాను. తర్వాత చూశాను. విడిన ముఖం మీద గొట్టాలు, పైనుంచి కిందిదాకా, దడి కట్టిన వెదురుబద్దల్లా పక్కపక్కనే. ఒక్కో గొట్టంలో వెదురు కణుపుల్లా సన్నటి అడ్డుగోడలు. పురుగు పైకి పెరిగేకొద్దీ కింద గది మూసేసుకుంటూ పోయిన గుర్తులు. పుస్తకంలో బొమ్మే. గొలుసు పగడమే. భూమ్మీద దాన్ని అంత భయంతో గుర్తుపట్టినవాడు మరొకడు ఉంటాడనుకోను. సార్జెంటు ఉమ్మితో బొటనవేలు తడిపి ఆ గొట్టాల మీద రుద్దాడు. లోపల గీతలు ఇంకా తేటపడ్డాయి. పై గొలుసునూ లోపలి గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. ఒక సంచి విప్పించి కంకర చూశాడు. అదే బూడిద దుమ్ము.

"బహర్," అన్నాడు తనలో తాను. ఒక ముక్క జేబులో వేసుకున్నాడు. "యల్లా, రూహ్."

పొమ్మన్నాడు. లారీ కదిలాక మేస్త్రీ మిగిలిన ముక్కను మళ్ళీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

మహబూలాలో ఆ వీధిలో మనుషుల అలికిడి లేదు. పక్కింటి గేటు ఊడి పడి ఉంది, వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులు. అమ్మాయి ఉన్న ఇంటి తలుపు మూసే ఉంది. మేస్త్రీ తట్టాడు. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు.

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. "చెప్తిని గదా సారూ. ఊరు పగిలింది. పిల్ల పోయింది."

డ్రైవరు వీధి చివర చూస్తూ, "బిరీన, బిరీన" అని తొందరపెడుతున్నాడు. అప్పుడు తలుపు అవతల నుంచి, నేలకు దగ్గరగా, సన్నటి గొంతు.

"నువ్వు నిజంగా పెద్నాయనేనా? వాండ్లు ఎవరినైనా పట్టకచ్చి పిలిపిస్తాండారేమో. మాయమ్మ చేసే ఉలవచారు ఎట్లుంటాదో చెప్పు చూద్దాం."

మేస్త్రీ ఒక్క ఉదుటున లేచాడు. "మీయమ్మ చారు నేనెప్పుడు తాగితినే? నా మొగం మింద తలుపేసి తొమ్మిదేండ్లాయ! ఉప్పుండాదో ల్యాదో నాకేం దెలుసు?"

ఆ తగువు సంగతి ఇంటివాళ్ళకు తప్ప తెలియదు. గడియ తీసిన చప్పుడయింది. ఇరవై దాటని పిల్ల. ఒక చేతిలో కూరగాయల కత్తి ఉంది. అది పడెయ్యడం మరిచిపోయి పెదనాన్నను కావలించుకుంది.

లారీలో సంచుల మధ్య చోటు చేసి పడుకోబెట్టి, పైన ఖాళీ గోతాలు కప్పాం. మేస్త్రీ నా వైపు తిరిగాడు. ముఖం వెలుగుతోంది. "చూస్తివా సారూ! రాయి దాని తల పగలగొట్టుకోని నా బిడ్డను ఇచ్చింది."

చూశారా నమ్మకమంటే? పిల్ల చనిపోయి ఉంటే రాయి పగిలినందుకు. పిల్ల బతికి ఉంటే అదీ రాయి పగిలినందుకే. ఏది జరిగినా ఓడిపోని మాట అది. ఏది జరిగినా ఓడిపోని మాట ఏమీ చెప్పని మాట. ఆ పిల్లను కాపాడింది కత్తి పట్టుకుని తలుపు వెనక కూర్చున్న ఆమె తెలివి, భయంతో కళ్ళు మూసుకుని కూడా సుత్తి కింద చేతులు పెట్టిన ఈయన ప్రేమ. తన ధైర్యాన్ని తాను ఎరగకుండా రాయికి దానం చేసే మనిషిని చూస్తే నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. కానీ అది చెప్పడానికి వేళ కాదు. వెనక్కి వెళ్ళే దారి కూడా ఆ సార్జెంటు ముందునుంచే.

మేస్త్రీ పక్క సంచుల మీద, నేను గోతాల మీదే కూర్చున్నాం. నా కింద ఆమె ఊపిరి తెలుస్తోంది. చెక్‌పోస్టు దగ్గర సార్జెంటు మమ్మల్ని గుర్తుపట్టి నవ్వాడు. లారీ చుట్టూ నడుస్తూ వచ్చి, నా కాళ్ళ దగ్గర ఆగి, గోతం వైపు గడ్డం ఎత్తాడు.

"హజర్?"

"హజర్," అన్నాను.

గోతం కింద ఊపిరి ఆగిపోయింది. అతను జేబులోని ముక్క తీసి, ఒకసారి ఎగరేసి పట్టుకుని, చెయ్యి ఊపాడు.

కొంత దూరం వెళ్ళాక కిందనుంచి ఆ పిల్ల అడిగింది. "పెద్నాయనా, పోయినారా వాండ్లు?"

ఎదురుగా ఇంకో చెక్‌పోస్టు, దాని వెనక ఇంకొకటి. షువైఖ్‌లో మా ఇనుప తలుపు లోపలి నుంచి గడియ పడేదాకా ఆ ప్రశ్నకు మేమెవరం జవాబు చెప్పలేదు.